సున్నా వేరు, ఖాళీ వేరు, గైరుహాజరు వేరు

(ఇంజనీరింగు చదువుతున్న హాస్టలు విద్యార్థుల సమావేశంలో ఒక లెక్కల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి రాత రూపం)



సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమని సర్కారు బడి లెక్కల పంతుల్ని ఎందుకు పిలిచారా అని మీలో కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది. రావలసిందే. మేం ఇంజనీర్లం కాము. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా నాయన రేషన్ షాపు రిజిస్టర్లో ఇంకు పూసుకుని బొటనవేలు వేసేవాడు. ఇవాళ మా అమ్మ అదే షాపులో గాజు పలక మీద బొటనవేలు పెడుతున్నది. తరం మారింది, వేలిముద్ర మాత్రం పోలేదు. మారింది ముద్రను చూసే కన్ను. అప్పుడు డీలరు చూసేవాడు. వాడు మోసం చేస్తే తిట్టడానికి ఒక ముఖమన్నా ఉండేది. ఇప్పుడు మిషన్ చూస్తున్నది. ముద్ర కలవలేదంటుంది. ఎందుకు కలవలేదని అడిగితే డీలరు నాకేం తెలుసంటాడు. తహసీల్దారు ఆఫీసుకు పోతే పైనుంచి వచ్చిందంటారు.

ఆ పైన ఎవరున్నారు? దేవుడు లేడు. ఎక్కడో ఒక గదిలో కూర్చుని ఎవరో ఆ ప్రోగ్రాము రాశారు. ఎవరో దాన్ని పరీక్షించారు, లేదా పరీక్షించకుండానే వదిలేశారు. రేపు ఆ గదిలో కూర్చోబోయేది మీరే. అందుకే వచ్చాం.

ముందు ఒక సంగతి చెప్తాం. మా దగ్గర పదో తరగతి దాకా చదివిన ఒక అమ్మాయి ఇంజనీరింగులో కంప్యూటర్ బ్రాంచి తీసుకుంది. ఆఖరి సంవత్సరంలో ఒక ఆదివారం తన జట్టులో ముగ్గుర్ని వెంటేసుకుని మా ఇంటికి వచ్చింది. "సార్, ప్రాజెక్టు వైవా ఉన్నది. ఒకసారి మీ ముందర చెప్పి చూసుకుంటం" అన్నది. ప్రాజెక్టు పేరు విద్యార్థుల ఫలితాల నిర్వహణ వ్యవస్థ. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, వంద పేజీలకు పైన ఉన్నది. ఎవరు రాశారమ్మా అని అడిగాం. నలుగురూ కింద చూశారు. "కొనుక్కొచ్చినం సార్. పన్నెండు వేలు. తలా మూడు వేలు." ఆ మూడు వేలు వాళ్ళమ్మ మహిళా సంఘంలో అప్పు తీసి ఇచ్చిందట.

మేం తిట్టలేదు. తిట్టే హక్కు మాకు లేదనిపించింది. అమీర్‌పేట వీధుల్లో ప్రాజెక్టులు అమ్ముతారని కాలేజీకి తెలుసు, గైడుకు తెలుసు, వైవాకు వచ్చే పెద్దమనిషికి తెలుసు. ప్రాజెక్టు ఎలా చెయ్యాలో చెప్పనివాళ్ళే ఎందుకు కొన్నారని అడగడం న్యాయమేనా? మేం ఒకటే అడిగాం: దీన్ని నడిపి చూపించండి.

నడిపారు. మార్కుల గడిలో మేం 350 అని కొట్టాం. డిస్టింక్షన్ అన్నది. అంకెలకు బదులు అక్షరాలు కొట్టాం. ప్రోగ్రాము మూతపడింది. గడిని ఖాళీగా వదిలేశాం. సున్నా వేసి ఫెయిల్ అన్నది.

అప్పుడు ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మాట మాకు ఇప్పటికీ గుర్తున్నది. "సార్, ఖాళీ అంటే సున్నా కాదు గద!"

మిత్రులారా, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు మొత్తం ఆ ఒక్క మాటలో ఉన్నదంటే మీరు నవ్వొచ్చు. కానీ మా లెక్కల బుద్ధికి అలాగే తోస్తున్నది. సున్నా వేరు: పిల్లవాడు రాశాడు, మార్కు రాలేదు. ఖాళీ వేరు: పేపరు దిద్దారో లేదో తెలియదు. గైరుహాజరు వేరు: అసలు పరీక్షకే రాలేదు. ఈ మూడింటి మధ్య తేడా పిల్లవాడి బతుకులో చాలా పెద్దది. యంత్రానికి అది తెలియదు. తెలియజెప్పవలసింది మనిషి. తెలియజెప్పామా లేదా అని సరిచూడవలసిందీ మనిషే.

ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. 2019 ఏప్రిల్ గుర్తు తెచ్చుకోండి. తెలంగాణ ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చాయి. ఫలితాలు తయారుచేసే పనిని ఆ ఏడాది ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. పరీక్ష రాసిన పిల్లలు గైరుహాజరైనట్టు వచ్చింది. ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ చావులకూ ఈ తప్పులకూ సంబంధం లేదని అధికారులు అన్నారు. ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ మాత్రం తప్పులు జరిగిన మాట నిజమేనని తేల్చింది. ఫెయిలైన మూడు లక్షల పైచిలుకు పిల్లల పేపర్లను మళ్ళీ పరిశీలించవలసి వచ్చింది. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. వెయ్యే కదా అంటారా? ఆ వెయ్యి మందిలో మీ తమ్ముడు ఉంటే అలా అంటారా?

మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. అంతకుముందు ఏడాది అదే తెలుగులో 98 తెచ్చుకున్న పిల్ల. మళ్ళీ చూస్తే ఆమెకు వచ్చినవి 99. అయితే ఇక్కడ తప్పు కంప్యూటర్‌ది కాదు. పేపరు దిద్దినవాళ్ళు ఓఎంఆర్ పత్రంలో గుండ్రాలు తప్పుగా నింపారు. సరిచూడవలసినవాళ్ళు చూడలేదు. వాళ్ళు మా వృత్తివాళ్ళే. మా తప్పును ఒప్పుకోకుండా కంపెనీ ఒక్కదాన్నే తిట్టడం నిజాయితీ కాదు.

ఇక్కడ మీ పుస్తకంలోని ఒక తేడా తెలుసుకోవాలి. టెస్టింగు అంటే తయారైన ప్రోగ్రామును నడిపి తప్పులు పట్టడం. క్వాలిటీ అస్యూరెన్స్ అంటే తప్పు పుట్టే దారులన్నీ ముందే చూసి, దారి దారికీ ఒక కాపలా పెట్టడం. దిద్దిన చేయి, నింపిన గుండ్రం, సరిచూసిన కన్ను, చదివిన యంత్రం, కూడిన ప్రోగ్రాము, ప్రకటించిన బోర్డు, ఇవన్నీ ఒకే గొలుసు. నిరుడు 98 వచ్చిన పిల్లకు ఈ ఏడాది సున్నా వస్తే, ఆగి చూడమని చెప్పే నాలుగు వరుసల కోడు ఆ గొలుసులో ఎక్కడన్నా ఉంటే ఆ ఇంట్లో ఆ రాత్రి ఏడుపు ఉండేది కాదు. కొత్త పద్ధతి తెచ్చినప్పుడు పాత పద్ధతిని కూడా పక్కనే నడిపి రెండు జాబితాలూ పోల్చి చూడాలి. దీన్ని పారలల్ రన్ అంటారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చే మాట ఇది. బయట ఇది లక్షల మంది పిల్లల బతుకు.

ఈ విద్య ఎట్లా పుట్టిందో కూడా తెలుసుకోండి. 1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని గార్మిష్ అనే ఊళ్ళో నాటో ఆధ్వర్యంలో కంప్యూటర్ పండితులంతా కూడారు. పెద్ద ప్రోగ్రాములు చెప్పిన గడువుకు పూర్తికావడం లేదు, అనుకున్న ఖర్చులో తేలడం లేదు, పూర్తయినా సరిగ్గా నడవడం లేదు. దీన్ని సంక్షోభం అన్నారు. వంతెన కట్టే ఇంజనీరుకు ఉన్నట్టే ప్రోగ్రాము రాసేవాళ్ళకూ క్రమశిక్షణ ఉండాలన్నారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అనే పేరు అక్కడినుంచే బాగా వ్యాప్తిలోకి వచ్చింది. అంటే మేం ఓడిపోతున్నామని పండితులు ఒప్పుకున్నచోట ఈ విద్య మొదలైంది. మన కాలేజీల్లో దాన్ని ఎలా చెప్తున్నారు? వాటర్‌ఫాల్ మోడల్ బొమ్మ గీయించి, స్పైరల్ మోడల్ బొమ్మ గీయించి, బ్లాక్ బాక్స్‌కూ వైట్ బాక్స్‌కూ తేడాలు పట్టిక వేయించి వదిలేస్తున్నారు. ఈత గురించి వ్యాసం రాయించినట్టు. చెరువులో దింపేవాళ్ళు లేరు.

చెరువులో దిగడం ఎట్లాగో మా లెక్కల భాషలో చెప్తాం. పాసు మార్కు 35 అనుకోండి. ప్రోగ్రాము సరిగ్గా చెప్తున్నదా లేదా అని చూడడానికి ఏ అంకెలు కొడతారు? చాలామంది 60 కొడతారు, పాస్ అంటుంది. 20 కొడతారు, ఫెయిల్ అంటుంది. అయిపోయింది టెస్టింగు అంటారు. తప్పు నడి పొలంలో ఉండదు, గట్టు మీద ఉంటుంది. 34 కొట్టండి, 35 కొట్టండి, 36 కొట్టండి. 35 కంటే ఎక్కువ అని రాశారా, 35 లేదా అంతకంటే ఎక్కువ అని రాశారా అన్నది అక్కడే బయటపడుతుంది. సున్నా కొట్టండి, 100 కొట్టండి, 101 కొట్టండి, మైనస్ ఒకటి కొట్టండి. అక్షరం కొట్టండి. ఏమీ కొట్టకుండా వదలండి. దీన్నే మీ పుస్తకం బౌండరీ వాల్యూ ఎనాలిసిస్ అంటుంది. హద్దుల దగ్గర పరీక్షించడం.

మనకంటే హద్దుల సంగతి ఎవరికి బాగా తెలుసు? ఊరి హద్దు అవతల ఇళ్ళు కట్టుకున్నవాళ్ళం. రాసేవాడు మనసులో పెట్టుకునే మామూలు మనిషి ఎవరు? అతనికి ఇంటిపేరు, సొంత పేరు విడివిడిగా ఉంటాయి. పుట్టినతేదీ తెలుసు. చేతిగీతలు అరిగిపోలేదు. అతని పేరు ఇంగ్లీషులో అన్ని కాగితాల మీదా ఒకేలా ఉంటుంది. మన ఎల్లయ్య సంగతేమిటి? ఒక గుమస్తా ఈ అక్షరంతో మొదలుపెట్టి రాశాడు, ఇంకొకడు వై అక్షరంతో మొదలుపెట్టి రాశాడు. కంప్యూటర్‌కు వాళ్ళు ఇద్దరు ఎల్లయ్యలు. ఒక్కోసారి వేరే ఊళ్ళో కారున్న ఎల్లయ్యా, మన వాడలో కూలికి పోయే ఎల్లయ్యా దానికి ఒకడే అవుతారు.

నవ్వకండి. తెలంగాణలో కంప్యూటర్ లెక్కల మీద ఆధారపడి లక్షల రేషన్ కార్డులు రద్దు చేశారు. సుమారు 19 లక్షల కార్డుల సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఇళ్ళకు మనుషుల్ని పంపి మళ్ళీ విచారించమని 2022 ఏప్రిల్లో కోర్టు ఆదేశించింది. చూడండి, దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి వచ్చిన మాట ఏమిటి? యంత్రం చెప్పింది నిజమో కాదో గుమ్మం దగ్గరికి పోయి చూడండని. అది మీ పాఠంలో వాలిడేషన్ అనే మాట. రాసుకున్న నియమం ప్రకారం ప్రోగ్రాము నడుస్తున్నదా అని చూడడం వెరిఫికేషన్. అసలు ఆ నియమమే మనిషి అవసరానికి సరిపోయిందా అని చూడడం వాలిడేషన్. నియమం ప్రకారం నడిచి కూడా మనిషి నోటికాడి కూడు లాక్కునే ప్రోగ్రాములు ఉంటాయి. దాన్ని పట్టుకోవాలంటే ఆ కూడు తినేవాడి ఇల్లు తెలిసి ఉండాలి. మీకు తెలుసు.

ఇప్పుడు మీరు మమ్మల్ని అడగబోయే ప్రశ్న మాకు తెలుసు. "సార్, టెస్టింగు అంటే చిన్న పని గద. డెవలపర్ అంటే విలువ, టెస్టర్ అంటే ఏముంది?" ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు కొందరు ఈ మాట బాధతోనే చెప్పారు. కట్టేవాడు గొప్పవాడు, తప్పులు ఏరేవాడు తక్కువవాడు. ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదూ? మురికి చేసేవాడు పెద్దవాడు, శుభ్రం చేసేవాడు చిన్నవాడు అన్న దేశం కదా ఇది! పనులకు మెట్లు కట్టే ఆ బుద్ధి ఏసీ గదుల్లోకి కూడా చెప్పులు విప్పకుండానే నడిచొచ్చింది. దాన్ని మీరు నమ్మకండి. కోడు రాయడం నేర్చుకోండి, టెస్టింగు కూడా నేర్చుకోండి. ఇవాళ యంత్రాలే కోడు రాసి ఇస్తున్న కాలం వచ్చింది. అది రాసింది నిజమా అబద్ధమా అని తేల్చగల మనిషి విలువ దీంతో పెరుగుతుందే గాని తగ్గదు.

తప్పు పట్టినవాళ్ళ గొప్ప తెలియాలంటే ఒక కథ వినండి. థెరాక్ 25 అని కాన్సరు రోగులకు రేడియేషన్ ఇచ్చే మిషన్. కెనడా ప్రభుత్వ సంస్థ తయారుచేసింది. పాత మిషన్లలో ప్రమాదం రాకుండా ఆపే విడి పరికరాలు ఉండేవి. కొత్తదాంట్లో వాటిని తీసేసి సాఫ్ట్‌వేర్ మీదే భారం వేశారు. 1985 నుంచి 1987 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురికి మోతాదు కంటే ఎన్నో రెట్లు రేడియేషన్ తగిలింది. వాళ్ళలో కొందరు చనిపోయారు. రోగి ఒళ్ళు కాలిందని మొత్తుకుంటే, మా మిషన్‌తో అది జరగడం అసాధ్యం అన్నారు. 1986లో టెక్సాస్‌లోని టైలర్ అనే ఊరి ఆసుపత్రిలో మిషన్ నడిపే ఆపరేటర్, అక్కడి భౌతికశాస్త్ర నిపుణుడు కలిసి కూర్చున్నారు. ఆ రోజు తను ఏ మీట తర్వాత ఏ మీట నొక్కిందో ఆమె గుర్తుచేసుకుని మళ్ళీ మళ్ళీ నొక్కింది. చివరికి దొరికింది. అక్షరం తప్పు కొట్టి, వెనక్కి పోయి వేగంగా దిద్దితే మిషన్ గందరగోళంలో పడుతున్నది. నెమ్మదిగా కొట్టినవాళ్ళకు ఆ తప్పు కనబడదు. రోజూ అదే పని చేసి చెయ్యి తిరిగినవాళ్ళ చేతికే దొరుకుతుంది. కంపెనీ ఇంజనీర్లకు దొరకని తప్పు పనిచేసే మనిషి చేతికి దొరికింది. జ్ఞానం ఎక్కడ ఉంటుందో చూశారా?

తప్పు దొరికాక దాన్ని రాయడం ఒక విద్య. ఇది మనకు కొత్త కాదు. అట్రాసిటీ కేసుల్లో ఫిర్యాదు ఎలా రాయాలో మన సంఘాల్లో నేర్పుతాం. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ చోట, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూశారు. కోపం ఎంత ఉన్నా కాగితం మీద వరస తప్పకూడదు. వరస తప్పితే కేసు పోతుంది. బగ్ రిపోర్టు కూడా అంతే. ఏ వెర్షన్, ఏం చేశాం, ఏం రావాలి, ఏం వచ్చింది, మళ్ళీ చేస్తే మళ్ళీ వచ్చిందా. ప్రోగ్రాము పనిచేస్తలేదు అని రాస్తే ఎవడూ పట్టించుకోడు. మార్కుల గడి ఖాళీగా వదిలి మీట నొక్కితే ఫెయిల్ అని వచ్చింది, మూడుసార్లు చేస్తే మూడుసార్లూ వచ్చింది అని రాయండి. కాదనే మొగాడు ఉండడు.

ఇంకొకటి దాచకుండా మాట్లాడుకోవాలి. మన పిల్లలు లాబులో నోరు తెరవరు. కాలేజీలో చేరిన మొదటి వారమే నీ ర్యాంకు ఎంత అని అడుగుతారు. వాళ్ళు అడిగేది ర్యాంకు కాదని అడిగేవాళ్ళకూ తెలుసు, మనకూ తెలుసు. అక్కణ్ణుంచి ఒక భయం పట్టుకుంటుంది. మన కోడు ఎవరికన్నా చూపిస్తే తప్పులు పడతారు, తప్పు పడితే కోటావాళ్ళు ఇంతే అంటారు. అందుకే దాచుకుంటాం. దాచుకున్నకాడ విద్య ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ విద్యలో రాసినదాన్ని నలుగురి ముందు పెట్టడం తప్పనిసరి. జెరాల్డ్ వైన్‌బర్గ్ అనే ఆయన 1971లోనే చెప్పాడు, ప్రోగ్రాము మీద అహంకారం వద్దని, తప్పు కోడుది గాని మనిషిది కాదని. 1976లో ఐబీఎంలో పనిచేసిన మైకేల్ ఫేగన్, కోడును జట్టుగా కూర్చుని తనిఖీ చేసే పద్ధతిని కాగితం మీద పెట్టాడు. మరి అవమానించడానికే తప్పు పట్టేవాళ్ళ మధ్య ఇది ఎట్లా నేర్చుకోవాలి? ముందు మనలో మనం నేర్చుకోవాలి. ఈ హాస్టలు గదిలో, రాత్రి అన్నం తిన్నాక, నలుగురు కూర్చోండి. ఒకరి కోడు ఇంకొకరు చదవండి. నీకు రాదు అనే మాట ఎత్తకండి. ఈ వరస ఎందుకు అని మాత్రమే అడగండి. ఇక్కడ అలవాటైతే అక్కడ ర్యాంకు అడిగేవాళ్ళ ముందు గొంతు వణకదు.

ప్రాజెక్టు కొనకండి. ఇది నీతి కోసం చెప్తున్న మాట కాదు. నాలుగేళ్ళలో విద్య చేతికి అంటే చోటు అదొక్కటే. దాన్ని అమ్మేసుకుంటే మిగిలేది కాగితం. కాగితం వాళ్ళ దగ్గరా ఉన్నది, దాంతో పాటు మేనమామ కంపెనీ కూడా ఉన్నది. మనకు మేనమామలు లేరు, పనితనం ఒక్కటే ఉన్నది. ఏం ప్రాజెక్టు చెయ్యాలంటారా? మీ హాస్టలు సరుకుల రిజిస్టరు చెయ్యండి. వంటామెను అడగండి, వార్డెన్‌ను అడగండి, తినే పిల్లల్ని అడగండి. ముగ్గురూ మూడు మాటలు చెప్తారు. ఆ మూడింటినీ ఒకచోట రాయడమే రిక్వైర్‌మెంట్స్. ఒక్కో అవసరానికి ఎదురుగా ఒక పరీక్ష రాసుకోండి. పరీక్ష లేని అవసరం ఒక్కటి మిగిలినా ఆ పని కానట్టే లెక్క. ఒక తప్పు దిద్దిన తర్వాత పాత పరీక్షలన్నీ మళ్ళీ నడపండి. మన వాడలో పైపు వేస్తామని వచ్చి రోడ్డు తవ్వి పోతారు చూశారా, ఒకటి బాగుచేస్తే ఇంకొకటి చెడుతుంది. అలా కాకుండా చూసుకోవడమే రిగ్రెషన్ టెస్టింగు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గిట్‌లో పెట్టుకోండి. అది 2005 నుంచి ఉన్నది, పైసా ఖర్చు లేదు. దాంట్లో మీ పేరు మీద ఉన్న ప్రతి మార్పూ రేపు మీ తరఫున సాక్ష్యం చెప్తుంది. ఇది ఎవడో రాసిచ్చింది అని ఎవడూ అనలేడు.

మొదట చెప్పిన ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాం. వైవాకు మూడు వారాల గడువున్నది. కొన్న ప్రోగ్రామును పక్కన పడేసి, నలుగురూ రాత్రింబగళ్ళు కూర్చుని చిన్నదే అయినా సొంతంగా రాశారు. బంగారు అక్షరాలు లేవు. నలభై పేజీలు. వైవాలో బయటినుంచి వచ్చిన పెద్దమనిషి, ఇది పూర్తిగా పనిచేస్తదా అని అడిగాడట. మిగతా జట్లన్నీ చేస్తది సార్ అన్నాయి. ఈ పిల్ల లేచి, "ముప్పై ఒక్క పరీక్షలు పెట్టినం సార్. ఇరవై తొమ్మిది నిలబడ్డయి. రెండు తప్పులు ఇంకా ఉన్నయి, అవి ఇవి" అని కాగితం ముందర పెట్టింది. ఆయన కాసేపు మాట్లాడలేదట. తర్వాత అరగంట సేపు ప్రశ్నలు అడిగాడట. ర్యాంకు అడగలేదట.

మార్కులు ఎన్ని వేశాడో మేం అడగలేదు. ఉద్యోగం ఇంకా రాలేదు, వెతుక్కుంటున్నది. అమ్మ తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. అయినా నా పనిలో ఈ రెండు తప్పులున్నయి అని నలుగురి ముందు తలెత్తి చెప్పగలిగిన పిల్ల, రేపు మీ పనిలో ఈ తప్పున్నది అని ఎంత పెద్దవాడి ముందైనా చెప్పగలదు. మా అమ్మ వేలు కలవలేదని చెప్పే మిషన్ వెనకాల అలాంటి పిల్ల ఒకతి కూర్చోవాలి. మేం మీ దగ్గరికి వచ్చి అడుగుతున్నది అదే.

జై భీమ్.